మెయిల్ చదివిన సంగతి పంపినవారికి చేరకుండా బొమ్మలను ఆపడం ఎలా?

చిత్తూరులో తోతాపురి గుజ్జు ఎగుమతి చేసే ఒక వ్యాపారికి విదేశీ కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. టన్నుకు ఇంత ధర ఇస్తాం, మీకు సమ్మతమేనా అని అడిగారు. వ్యాపారి రాత్రి భోజనమయ్యాక ఫోన్‌లో ఆ మెయిల్ చదివారు. తెల్లవారగానే మళ్లీ తెరిచారు. ఫ్యాక్టరీకి వెళ్లి కంప్యూటర్‌లో ఇంకోసారి చూశారు. తిరుపతిలో ఉన్న భాగస్వామికి ఫార్వర్డ్ చేస్తే ఆయనా తెరిచారు. జవాబు మాత్రం ఇవ్వలేదు. కొంచెం ఆగి, పెద్దగా తొందర లేనట్టు రాద్దామని వారి ఆలోచన.

కానీ ఆ తొందర ఎంతో అవతలి మనిషికి అప్పటికే తెలిసిపోయి ఉండవచ్చు. మెయిల్ ఎన్నిసార్లు తెరుచుకుంది, ఏ వేళల్లో, ఫోన్‌లోనా కంప్యూటర్‌లోనా, మరో చోట మరొకరు కూడా చూశారా అన్న వివరాలన్నీ ఆయన తెర మీద ఉండవచ్చు. బేరం మొదలుకాకముందే మన గుట్టు సగం జారిపోయిందన్నమాట.

ఈ సమాచారాన్ని చేరవేసేది మెయిల్‌లోని అక్షరాలు కాదు, అందులో ఇమిడి ఉన్న ఒక బొమ్మ. చాలాసార్లు అది కంటికి కనిపించదు కూడా. మెయిల్ ప్రోగ్రాములు బొమ్మలను ఆపే సౌకర్యం ఇచ్చింది ఇందుకే. ఆ సౌకర్యాన్ని మీ ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఎలా వాడుకోవాలో ఇక్కడ చెబుతాను. అన్ని చోట్లా కలిపి అరగంట పని. వ్యాపారం చేసేవారికే కాదు, మెయిల్ వాడే ప్రతి ఒక్కరికీ ఇది అవసరమని నా గట్టి నమ్మకం.

ముందుగా లోపల జరిగేది తెలుసుకోండి

సెట్టింగుల దగ్గరికి వెళ్లే తొందరలో ఈ భాగం దాటేయకండి. ఇది అర్థమైతే ఏ కొత్త యాప్ వచ్చినా ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

మెయిల్‌లో బొమ్మ రెండు విధాలుగా వస్తుంది. మొదటి విధంలో బొమ్మ మెయిల్‌తో పాటే వచ్చేస్తుంది. మీ తమ్ముడు ఫొటో జతచేసి పంపితే అది మెయిల్‌లోనే ఉంటుంది, దాన్ని చూడడానికి మీ ఫోన్ ఇంకెక్కడికీ వెళ్లనక్కరలేదు. దీనితో ఈ తరహా ఇబ్బంది లేదు. రెండో విధంలో మెయిల్‌లో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. మీరు మెయిల్ తెరవగానే మీ యాప్ ఆ చిరునామాలోని సర్వర్ (బొమ్మలు దాచి ఉంచే కంప్యూటర్) దగ్గరికి వెళ్లి బొమ్మ ఇవ్వమని అడుగుతుంది. బ్యాంకులు, దుకాణాలు, టికెట్ల సైట్లు పంపే రంగురంగుల మెయిళ్లలో ఎక్కువగా ఉండేవి ఈ రకం బొమ్మలే.

అడగడంలోనే చిక్కంతా ఉంది. ఎక్కడికి పంపాలో తెలియకుండా సర్వర్ ఏదీ ఇవ్వలేదు. అడిగిన సమయం, అడిగిన పరికరం ఐపీ అడ్రస్ (నెట్‌లో దాన్ని గుర్తించే సంఖ్య), అది ఏ రకం యాప్ లేదా బ్రౌజర్ అన్న వివరం అక్కడ నమోదవుతాయి. ఐపీ అడ్రస్‌ను బట్టి మీ నెట్ కంపెనీ ఏదో, మీరు ఉజ్జాయింపుగా ఏ ఊళ్లో ఉన్నారో చెప్పవచ్చు. మొబైల్ డేటా మీద ఈ ఊరి లెక్క తరచూ తప్పుతుంది. చిత్తూరులో కూర్చుని చూసినా చెన్నై అనో బెంగళూరు అనో చూపించవచ్చు. ఆఫీసులోని బ్రాడ్‌బ్యాండ్ విషయంలో అంత ధీమాగా ఉండలేం.

ఇంతవరకు ఎవరో ఒకరు తెరిచారనే తెలుస్తుంది. తెరిచింది మీరేనని ఎలా తెలుస్తుంది? పంపేవారు ప్రతి ఒక్కరి మెయిల్‌లోనూ బొమ్మ చిరునామా చివర వేరు వేరు కోడ్ పెడతారు. లక్ష మందికి పంపితే లక్ష కోడ్‌లు. మీ కోడ్‌తో బొమ్మను ఎవరైనా అడిగారంటే మీకు పంపిన మెయిల్ తెరుచుకున్నట్టే. ఇందుకోసం పెద్ద బొమ్మ అవసరం లేదు. ఒక పిక్సెల్ పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు ఉన్న పారదర్శకమైన చుక్క చాలు. దీన్నే ట్రాకింగ్ పిక్సెల్ అంటారు. రిజిస్టర్డ్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉండేది కదా, ఇది చేసేదీ అదే పని. అయితే ఆ కార్డు మీద సంతకం పెట్టేది మీరు, ఇక్కడ మీకు తెలియకుండానే సంతకం పడిపోతుంది. నాకు దీనిలో అభ్యంతరకరంగా తోచేది ఈ ఒక్క విషయమే. చదివారా లేదా అని తెలుసుకోవాలంటే అడగవచ్చు. అడగకుండా తెలుసుకోవడం మర్యాద కాదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 2006లో హ్యూలెట్ ప్యాకార్డ్ అనే అమెరికన్ కంప్యూటర్ల కంపెనీలో బోర్డు రహస్యాలు పత్రికలకు ఎవరు చేరవేస్తున్నారో కనిపెట్టడానికి, ఆ కంపెనీ తరఫున దర్యాప్తు చేసినవారు మారుపేరుతో ఒక విలేకరికి జాడ తెలిపే మెయిల్ పంపారు. ఆమె దాన్ని తనకు సమాచారమిచ్చే వ్యక్తికి ఫార్వర్డ్ చేస్తే, అది ఎక్కడ తెరుచుకుందో తెలిసిపోతుందని వారి పథకం. ఆ వ్యవహారం చివరికి అమెరికన్ కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది. పైన చెప్పిన వ్యాపారి ఫార్వర్డ్ చేసిన మెయిల్ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోండి. మీరు పంపించిన మెయిల్‌తో పాటు ఆ చుక్క కూడా ప్రయాణం చేయవచ్చు.

మన రోజువారీ బతుకులో పెద్ద ప్రమాదం మాత్రం మోసగాళ్ల వల్లే. తిరుపతి పేరు చెప్పి దర్శనం టికెట్లు ఇప్పిస్తాం, కొండ మీద గది ఇప్పిస్తాం అనే నకిలీ సైట్ల గురించి తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను పలుమార్లు హెచ్చరించింది. ఇలాంటివారు వేలకు వేలు చిరునామాలకు మెయిల్ పంపుతారు. వాటిలో చాలా చిరునామాలు మూతపడినవో, ఎవరూ చూడనివో అయి ఉంటాయి. మీరు తెరిచి, బొమ్మ దిగిందంటే ఈ చిరునామా వెనుక ఒక మనిషి ఉన్నాడని, దర్శనం మాట అనగానే తెరిచి చూస్తాడని వారికి రూఢి అవుతుంది. తర్వాత వచ్చే మెయిళ్లు ఇంకొంచెం గురి చూసి వస్తాయి. లింకు నొక్కకపోయినా, పైసా పంపకపోయినా, తెరిచి చూసినందుకే ఈ సమాచారం వెళ్లిపోతుంది.

మీరు మెయిల్ చదివే యాప్ ఏదో చూసుకోండి

చాలామంది ఇక్కడే తికమకపడతారు. మీ చిరునామా జీమెయిల్‌దే కావచ్చు, కానీ చదివేది ఏ యాప్‌లో? బొమ్మలను తెచ్చేది యాప్ కాబట్టి, ఆపాల్సింది ఆ యాప్‌లోనే. ఐఫోన్‌లో యాపిల్ వారి మెయిల్ యాప్‌లో జీమెయిల్ ఖాతా చూస్తుంటే యాపిల్ సెట్టింగు పనిచేస్తుంది. అదే ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ వాడితే యాపిల్ రక్షణ దానికి వర్తించదు. ఫోన్‌లో ఒకటి, ఆఫీసు కంప్యూటర్‌లో ఇంకొకటి వాడుతుంటే రెండింటిలోనూ మార్చాలి. ఒక కాగితం మీద మీరు మెయిల్ చూసే పరికరాలు, ప్రతిదానిలోనూ వాడే యాప్ రాసుకుని ఆ వరుసలో మొదలుపెట్టండి. లాడ్జి రిసెప్షన్‌లోనో, ట్రావెల్స్ ఆఫీసులోనో ఒకే మెయిల్‌ను నలుగురు ఉద్యోగులు చూస్తుంటే, ఆ నలుగురి ఫోన్లు కూడా ఆ కాగితం మీదికి రావాలి. మిగిలిన మూడింటిలో మార్చి ఒక్కదాన్ని వదిలేస్తే పని కానట్టే.

జీమెయిల్‌లో

మన దగ్గర ఎక్కువమంది వాడేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపున ఉన్న చక్రం గుర్తు నొక్కండి. ‘సీ ఆల్ సెట్టింగ్స్’ అన్నదానిలోకి వెళ్తే మొదట కనిపించే ‘జనరల్’ పేజీలోనే కొంచెం కిందికి ‘ఇమేజెస్’ అని ఉంటుంది. అక్కడ రెండు ఎంపికలు ఉంటాయి. బయటి బొమ్మలను ఎప్పుడూ చూపించమనేది మొదటిది, చూపించే ముందు నన్ను అడగమనేది రెండోది. రెండోదాన్ని ఎంచుకోండి. దాని పేరు ‘ఆస్క్ బిఫోర్’ అన్న మాటలతో మొదలవుతుంది. ఆ తర్వాత పేజీ అడుగు దాకా వెళ్లి ‘సేవ్ చేంజెస్’ నొక్కాలి. ఈ చివరి మెట్టు మరిచిపోయి, మార్చినా పనిచేయడం లేదని అనుకునేవారు చాలామంది.

ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిచి, ఎడమవైపు మూడు గీతల గుర్తు నొక్కి, కిందికి జరిపితే ‘సెట్టింగ్స్’ ఉంటుంది. అందులో మీ ఖాతా పేరు నొక్కి, ‘ఇమేజెస్’ దగ్గర అదే ఎంపిక చేయండి. ఫోన్‌లో రెండు మూడు ఖాతాలు ఉంటే ఒక్కో ఖాతాలోకి వెళ్లి చూడాలి. కంప్యూటర్‌లో మార్చాం కదా అని ఫోన్‌ను వదిలేయకండి, అక్కడ ఏముందో కంటితో చూసుకోండి.

ఈ మార్పుతో జీమెయిల్‌లో డైనమిక్ మెయిల్ అనే సౌకర్యం కూడా ఆగిపోతుంది. మెయిల్ లోపలే ఫారం నింపడం వంటివి చేయనిచ్చే సౌకర్యం అది. నిత్యం వాడేవారు తక్కువ, కాబట్టి దానికోసం వెనకాడనక్కరలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న తరచూ వస్తుంది. జీమెయిల్ బొమ్మలను తన సర్వర్ల ద్వారానే తెస్తుంది కదా, మళ్లీ మనం ఆపడం ఎందుకు? 2013 డిసెంబరు నుంచి గూగుల్ ఈ పద్ధతి పెట్టిన మాట నిజం. బొమ్మను మీ తరఫున గూగుల్ సర్వర్ అడుగుతుంది కాబట్టి పంపినవారికి మీ ఐపీ అడ్రస్ కనిపించదు, మీ ఊరు తెలియదు. ఇది మంచి రక్షణే. కానీ మీరు మెయిల్ తెరిచినప్పుడే గూగుల్ వెళ్లి ఆ బొమ్మను అడుగుతుంది, మీకు కేటాయించిన కోడ్‌తోనే అడుగుతుంది. కనుక ఈ మెయిల్ ఫలానా సమయానికి తెరుచుకుందన్న సంగతి పంపినవారికి తెలిసే వీలుంది. ఊరు దాగింది, తెరిచిన సంగతి దాగలేదు. రెండూ దాచాలంటే అడగమనే ఎంపికే దారి.

ఐఫోన్, మ్యాక్‌లోని మెయిల్ యాప్‌లో

యాపిల్ 2021లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ అనే ఏర్పాటు తెచ్చింది. ఇది వేరే దారిలో పనిచేస్తుంది. బొమ్మలను ఆపదు. మీరు మెయిల్ తెరిచినా తెరవకపోయినా బొమ్మలను తన మధ్యవర్తి సర్వర్ల ద్వారా వెనుకనుంచి ముందే తెచ్చి పెడుతుంది. పంపినవారి లెక్కలో అందరూ తెరిచినట్టే కనిపిస్తుంది కాబట్టి, నిజంగా తెరిచినవారెవరో వారికి తెలియదు. ఐపీ అడ్రస్ కూడా దాగిపోతుంది. రంగుల మెయిళ్లు కావాలి, గోప్యతా కావాలి అనుకునేవారికి ఇది బాగుంటుంది.

ఐఫోన్ సెట్టింగ్స్‌లో ‘మెయిల్’ తెరవండి. కొత్త ఐఓఎస్‌లలో అది ‘యాప్స్’ లోపల ఉంటుంది. అందులో ‘ప్రైవసీ ప్రొటెక్షన్’ నొక్కి ‘ప్రొటెక్ట్ మెయిల్ యాక్టివిటీ’ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. బొమ్మలే వద్దనుకుంటే దాన్ని ఆఫ్ చేయండి. అప్పుడు కింద ఐపీ అడ్రస్ దాచేది, బయటి నుంచి తెచ్చే బొమ్మల వంటివన్నీ ఆపేది అని రెండు మీటలు వస్తాయి. రెండూ ఆన్ చేయండి. మ్యాక్‌లో మెయిల్ యాప్ సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ’లో ఇవే ఉంటాయి.

అవుట్‌లుక్‌లో

ఆడిటర్ ఆఫీసుల్లో, ఎగుమతి సంస్థల్లో ఇప్పటికీ పాత పద్ధతి అవుట్‌లుక్ ఎక్కువ. అందులో బయటి బొమ్మలను ఆపడం 2003 వెర్షన్ నాటి నుంచే ఉంది, మామూలుగా ఆపే స్థితిలోనే ఉంటుంది కూడా. అయినా ఎవరో ఒకరు బొమ్మలు రావడం లేదని ఏనాడో మార్చేసి ఉండవచ్చు, కాబట్టి చూసుకోండి. ‘ఫైల్’లోకి వెళ్లి ‘ఆప్షన్స్’, అందులో ‘ట్రస్ట్ సెంటర్’, ఆపై ‘ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్’, చివరగా ‘ఆటోమేటిక్ డౌన్‌లోడ్’. పైనున్న మొదటి గడిలో టిక్ ఉంటే బొమ్మలు ఆగినట్టు. దాని కింద మినహాయింపుల జాబితా ఉంటుంది. నమ్మకమైన పంపేవారిగా నమోదైన వారి నుంచి వచ్చే బొమ్మలను అనుమతించాలా అనేది అందులో ఒకటి. నా సలహా ఆ టిక్ తీసేయమనే.

అదే పేజీలో ఇంకో ముఖ్యమైన గడి ఉంది. మెయిల్‌ను మార్చినప్పుడు, ఫార్వర్డ్ చేసినప్పుడు, జవాబిచ్చినప్పుడు బొమ్మలు దిగే ముందు హెచ్చరించమనేది. దీనిలో తప్పకుండా టిక్ ఉండాలి. చదివేటప్పుడు బొమ్మ ఆగినా, జవాబు రాయడానికి మీట నొక్కగానే అది దిగిపోయే అవకాశం ఉంది. బేరసారాలు మెయిల్‌లో నడిపేవారు ఈ గడిని ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఫోన్‌లోని అవుట్‌లుక్ యాప్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ ఖాతా తెరిస్తే బయటి బొమ్మలను ఆపే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది.

థండర్‌బర్డ్‌లో

ఇది మెయిల్ చదవడానికి వాడే ఒక ఉచిత ప్రోగ్రాం. దీన్ని వాడేవారు ఇప్పటికే సగం జాగ్రత్తపరులు. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ తెరిచి, మెయిళ్లలో బయటి బొమ్మల వంటి రిమోట్ కంటెంట్‌ను అనుమతించే గడిలో టిక్ లేకుండా చూసుకోండి. మామూలుగా ఉండదు. పక్కనే ఉన్న ‘ఎక్సెప్షన్స్’ నొక్కి, గతంలో ఎవరెవరిని అనుమతించారో చూసి అక్కరలేనివి తీసేయండి.

బొమ్మలే కాదు, ఏ అలంకారమూ వద్దు, అక్షరాలు చాలు అనుకుంటే ‘వ్యూ’ మెనూలో ‘మెసేజ్ బాడీ యాజ్’ కింద ‘ప్లెయిన్ టెక్స్ట్’ ఎంచుకోండి. మొదట్లో బోసిగా అనిపిస్తుంది. కానీ మోసపు మెయిల్ వేసుకునే వేషంలో సగం అలంకారమే. బ్యాంకు లోగో, రంగు మీటలు పోయాక మిగిలిన అక్షరాలు చదివితే అసలు రంగు బయటపడుతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల మెయిల్ మీరే చూసిపెడుతుంటే ఈ పద్ధతి ఎంతో మేలు.

ఇవి కాక వేరే యాప్ వాడుతుంటే, సెట్టింగుల్లో ఇమేజెస్, రిమోట్ కంటెంట్, ఎక్స్‌టర్నల్ కంటెంట్, ప్రైవసీ అన్న మాటల కోసం వెతకండి. ఈ నాలుగింటిలో ఒకదాని కింద దొరుకుతుంది. ఎంత వెతికినా లేదంటే ఆ యాప్‌ను మార్చడమే మంచిది.

పనిచేస్తోందో లేదో చూడండి

ఏదైనా దుకాణం పంపిన ప్రచార మెయిల్ తెరవండి. బొమ్మల చోట ఖాళీ చట్రాలు, పైన బొమ్మలు చూపించమంటారా అనే వరుస కనిపిస్తే సెట్టింగు పట్టినట్టే. పాత మెయిల్ కాకుండా అప్పటివరకు తెరవనిదాన్ని ఎంచుకోండి. ఒకసారి దిగిన బొమ్మలను యాప్ దాచుకుని ఉండవచ్చు, అవి కనిపిస్తే మీరు అనవసరంగా కంగారు పడతారు.

ఆసక్తి ఉంటే ఇంకో అడుగు వేయండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి ఉంటే, మెయిల్ పక్కన మూడు చుక్కల్లో ‘షో ఒరిజినల్’ నొక్కండి. థండర్‌బర్డ్‌లో కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కండి. మెయిల్ లోపలి కోడ్ మొత్తం కనిపిస్తుంది. అందులో పొడవు 1, వెడల్పు 1 అని రాసి ఉన్న బొమ్మ, దాని పక్కన బారెడు అక్షరాలతో ఒక చిరునామా దొరికితే అదే మీకు కేటాయించిన చుక్క. కొన్ని మెయిళ్లలో కోడ్ అంతా గజిబిజి అక్షరాలుగా ఉండి ఏమీ పోల్చుకోలేరు. అప్పుడు ఇంకో మెయిల్ చూడండి. కళాశాల విద్యార్థులకు ఇది చూపిస్తే కళ్లు విప్పార్చుకుని చూస్తారు. ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనో కంప్యూటర్లు బోధించేవారు ఒక్క క్లాసు దీనికి కేటాయిస్తే బాగుంటుందని నా కోరిక.

ఒక జాగ్రత్త. కంప్యూటర్‌లో మెయిళ్ల జాబితా పక్కనే మెయిల్ తెరుచుకుని కనిపించే ప్రివ్యూ భాగం ఉంటుంది. అందులో కనిపించడమూ తెరవడమే. తీసేద్దామని మెయిల్ మీద ఒకసారి నొక్కినా అది తెరుచుకుంటుంది. బొమ్మలు ఆపి ఉంచితే దీని గురించి దిగులు లేదు, ఆపకపోతే మాత్రం ప్రతి చెత్త మెయిల్‌కూ హాజరు వేయించుకున్నట్టే.

ఎవరి బొమ్మలను అనుమతించాలి?

మొదటి వారం చికాకుగా ఉంటుంది. బొమ్మలు రావడం లేదు, మెయిల్ పాడైందా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. నిజానికి పనికొచ్చే మెయిళ్లు చాలావరకు అక్షరాలతోనే నడుస్తాయి. రైలు టికెట్ వివరాలు అక్షరాల్లో ఉంటాయి, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా జతచేసి వస్తుంది, ఓటీపీకి బొమ్మ అక్కరలేదు. ఏదైనా టికెట్‌లో క్యూఆర్ కోడ్ బయటి బొమ్మగా వచ్చినప్పుడు అది కనిపించదు. అప్పుడు ఆ ఒక్క మెయిల్‌కు బొమ్మలు చూపించమనండి. ఆ పని ప్రయాణానికి ముందు ఇంట్లోనే చేసి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అలిపిరి దగ్గర వరుసలో నిలబడి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

అనుమతి అడిగేటప్పుడు యాప్ రెండు మాటలు చెబుతుంది. ఈ మెయిల్‌కు చూపించమంటారా, లేక ఈ చిరునామా నుంచి వచ్చే మెయిళ్లకు ఎప్పుడూ చూపించమంటారా. మొదటిదే నొక్కండి. ఎప్పుడూ అన్నది మీ పిల్లలకు, దగ్గరి బంధువులకు, మీ ఆఫీసుకు ఇవ్వవచ్చు. కంపెనీలకు ఇవ్వకండి. వారు మంచివారు కాదని కాదు, వారి ప్రచార విభాగం వాడే మెయిలింగ్ సేవలు చుక్కలు పెట్టడం సర్వసాధారణం కాబట్టి.

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల వంటివారికి ఇక్కడ నిజమైన ఇబ్బంది ఉంది. కొనేవారు నమూనాల ఫొటోలు పంపుతారు, అవి చూడకుండా పని జరగదు. అటువంటప్పుడు ఫొటోలను బయటి చిరునామా నుంచి చూపించకుండా మెయిల్‌కే జతచేసి పంపమని ఒక వాక్యం రాయండి. జతచేసిన ఫొటో చూస్తే ఎవరికీ కబురు వెళ్లదు. అయితే పరిచయం లేనివారు పంపిన జతఫైళ్ల విషయంలో వేరే జాగ్రత్తలు ఉంటాయి. ఫొటో అని చెప్పి ఇంకేదో ఫైల్ పంపితే తెరవకండి.

బొమ్మలు ఆపినా ఆగనివి

లింకులు. బొమ్మ చిరునామాకు కోడ్ పెట్టినట్టే లింకుకూ కోడ్ పెడతారు. నొక్కితే మీరే నొక్కారని తెలుస్తుంది. అప్పుడు ఏ సెట్టింగూ కాపాడదు. దర్శనం టికెట్లు, గదుల వంటి వాటికి మెయిల్‌లోని లింకు నొక్కకుండా దేవస్థానం అధికారిక సైట్‌ను మీరే బ్రౌజర్‌లో తెరవండి.

ఇక మీదట మెయిళ్లు వద్దని చెప్పడానికి అడుగున ఉండే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ కూడా ఒక లింకే. మీకు తెలిసిన, మీరు ఏనాడో నమోదైన కంపెనీ అయితే నొక్కవచ్చు. ముక్కూ మొహం తెలియనివారి మెయిల్‌లో దాన్ని తాకకుండా యాప్‌లోని స్పామ్ మీట వాడండి.

చదివినట్టు రసీదు పంపమంటారా అని కొన్ని ప్రోగ్రాములు అడుగుతాయి. అవుట్‌లుక్‌లోనూ థండర్‌బర్డ్‌లోనూ ఎప్పటికీ పంపవద్దని పెట్టుకోవచ్చు. ఇది బొమ్మలకు సంబంధం లేని వేరే సెట్టింగు, విడిగా మార్చాలి.

మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మీరే మెయిళ్లు పంపేవారైతే

తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు, ట్రావెల్స్ నడిపేవారు ఈ మాట వినాలి. గది అద్దెలు, కారు రేట్లు, ఫోన్ నంబరు అన్నీ ఒక పోస్టర్ బొమ్మలో పెట్టి మెయిల్ చేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. బొమ్మలు ఆపుకున్న యాత్రికుడికి ఆ మెయిల్‌లో కనిపించేది ఖాళీ చట్రం మాత్రమే. బెంగళూరు నుంచో పుణె నుంచో గది కోసం రాసిన మనిషి, జవాబు రాలేదనుకుని ఇంకొకరిని అడుగుతాడు.

ఎంతమంది తెరిచారో చెప్పే లెక్కలను నమ్ముకుని ప్రచారానికి డబ్బు పెడుతుంటే కూడా ఆలోచించండి. యాపిల్ ఏర్పాటు వచ్చాక, దాన్ని ఆన్ చేసి యాపిల్ మెయిల్ యాప్ వాడే ఐఫోన్‌లలో తెరవని మెయిల్ కూడా తెరిచినట్టే నమోదవుతోంది. ఆపుకున్నవారు తెరిచినా తెరవనట్టే కనిపిస్తారు. అతిథి పేరు, ఫోన్ నంబరు, బస చేసే తేదీలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇటువంటి సమాచారాన్ని వాడుకోవడానికి కొన్ని మినహాయింపులు తప్ప సమ్మతి ఉండాలంటోంది. చాటుగా ఇంకొంచెం పోగుచేసుకోవడం వల్ల గది ఒక్కటి కూడా అదనంగా నిండదు. మెయిలింగ్ సేవ వాడుతుంటే దానిలో ఓపెన్ ట్రాకింగ్ అనే మీటను ఆఫ్ చేయండి.

రేట్లు, తేదీలు, చెక్ ఇన్ సమయం, బస్టాండు నుంచి దారి, ఫోన్ నంబరు మెయిల్‌లోనే అక్షరాల్లో రాయండి. గది ఫొటోలు రెండు మూడు చిన్న సైజులో జతచేయండి. పంపే ముందు ఒకసారి మీ సొంత చిరునామాకే పంపి, బొమ్మలు ఆపిన ఫోన్‌లో తెరిచి, రేటూ నంబరూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.